టైరు మీద నాలుగంకెలు

ఖమ్మం నుంచి రామయ్య దర్శనానికి బయలుదేరిన కారు కొత్తగూడెం, పాల్వంచ దాటి అడవి దారి పడుతుంది. వేసవిలో సలసల కాగే తారు, వానాకాలంలో నీళ్లు నిలిచే గుంతలు, పక్కనే బొగ్గు లారీలు. ఇంజిన్ ఎంత గొప్పదైనా, ఒక్కో చక్రం దగ్గర నేలను పట్టుకునేది అరచేయంత రబ్బరే.

అయినా టైర్ల కొట్లో మనం మొదట అడిగేది ధరే. అడగాల్సింది తయారీ తేదీ. టైరు పక్కన 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం. ఏళ్ల తరబడి గోడౌన్‌లో మగ్గిన టైరు చూపుకు కొత్తదే, రబ్బరు మాత్రం పాతది. సైజు కారు కంపెనీ చెప్పినదే ఉండాలి; మోసే బరువు, వేగం సూచికలు అంతకు తగ్గకూడదు. గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం ఒప్పుకోదు. మన వానలకు అందాకా ఆగడమూ క్షేమం కాదు. రెండే మారిస్తే కొత్తవి వెనక్కి వేయించాలి. తడి రోడ్డుపై కారు వెనక భాగం జారితే నిలదొక్కుకోవడం కష్టం.

తనిఖీల్లో అధికారులు కాగితాలతోపాటు టైర్ల అరుగుదలనూ చూడాలి. కొట్లో మిగుల్చుకున్న నాలుగు రూపాయలు అడవి మలుపులో అక్కరకు రావు.