కాటన్: పత్తి కాదు, పాకలు

గోదావరి జిల్లాల్లో ‘కాటన్ దొర’ అన్న మాట వినని ఇల్లు అరుదు. ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి పూర్తి చేయించిన ఆర్థర్ కాటన్‌ను ఆ ప్రాంతపు రైతులు ఆ పేరుతోనే తలచుకుంటారు. ఇంగ్లీషుతో కాస్త పరిచయమున్నవారికి ఆ పేరు వినగానే మనసులో మెదిలేది పత్తి. దొరగారి పూర్వులెవరో పత్తి వర్తకులై ఉంటారనీ, లేదా మాంచెస్టర్ బట్టల మిల్లులతో సంబంధమున్నవారై ఉంటారనీ అనిపిస్తుంది. ఊహ సహజమైనదే. కాని తప్పు. ఆ ఇంటిపేరుకూ పత్తికీ ఏ చుట్టరికమూ లేదు.

పత్తిని సూచించే ‘కాటన్’ అరబ్బుల మాట. అరబ్బీలోని ‘కుత్న్’ మధ్యధరా రేవులు దాటి, ఫ్రెంచిలో ‘కొతోఁ’ అయి, మధ్యయుగాలలో ఇంగ్లీషులో అడుగుపెట్టింది. ఇంటిపేరులోని కాటన్ అంతకంటె ఎంతో పాతది. ఇంగ్లండు గడ్డమీదనే పుట్టినది. ప్రాచీనాంగ్లంలో ‘కాట్’ అంటే గుడిసె, పూరిపాక. ఆ భాషలోనూ మన భాషలో వలెనే నామవాచకానికి విభక్తులుండేవి. ‘గుడిసెల వద్ద’ అని చెప్పవలసివస్తే మాట చివర ‘ఉమ్’ చేరి ‘కొతుమ్’ అయ్యేది. నాలుగు పాకలున్న చోటును చుట్టుపక్కల వారు ‘పాకల వద్ద’ అని పిలవగా పిలవగా అదే ఊరిపేరుగా నిలిచింది. విభక్తులు ఇంగ్లీషునుంచి క్రమంగా రాలిపోయాయి గాని, ఊరి పేర్లలో వాటి శిథిలాలు మిగిలాయి. కొతుమ్ కాస్తా కొతున్, కొతెన్, చివరకు కోటన్, కాటన్ అయింది. రాతలో రెండు ‘టీ’లు చేరి పత్తితో కలిసిపోవడం తరువాతి ముచ్చట.

న్యూటన్, సట్టన్, నార్టన్ వంటి పేర్ల చివరనున్న ‘టన్’ వేరు. అది పొలమూ, కంచె, ఇళ్లూ ఉన్న నివాసాన్ని సూచించే ‘తూన్’ అనే మాట. కాటన్‌లో కనిపించే ‘టన్’ ఆ కోవలోనిది కాదు. అయితే పేర్ల శాస్త్రం ఎప్పుడూ ఒక మినహాయింపును దాచి ఉంచుతుంది. సఫోక్ ప్రాంతంలో కాటన్ అనే ఊరొకటున్నది. 1086లో విలియం రాజు చేయించిన భూముల లెక్క ‘డూమ్స్‌డే’ గ్రంథంలో దాని పేరు వేరే రూపంలో ఉంది. కొడ్డా అనే ఆసామి తూన్ అని దాని అర్థం. అక్కడ పాకలూ లేవు, పత్తీ లేదు.

ఇంగ్లీషులో మంచానికి వాడే ‘కాట్’ కూడా ఈ గుడిసెకు బంధువు కాదు. అది మన ‘ఖాట్’. పదిహేడవ శతాబ్దంలో తూర్పిండియా కంపెనీ వారు ఇక్కడినుంచి మోసుకుపోయిన మాట. దాని మూలం సంస్కృతంలోని ‘ఖట్వ’. ఇక రాయలసీమలో పాకను ‘కొట్టం’ అనడం విని ఇంగ్లీషు కాట్‌తో ముడిపెట్టాలని ఎవరికైనా అనిపించవచ్చు. అది కేవలం కాకతాళీయం. శబ్దసామ్యాన్ని నమ్ముకుని కట్టిన సిద్ధాంతాలు నిలవవు.

డూమ్స్‌డే గ్రంథంలో ఈ గుడిసెల మనుషులకొక ప్రత్యేకమైన పద్దు ఉన్నది. లాటిన్‌లో వారిని ‘కొటారీ’ అన్నారు. గ్రామసమాజంలో దాదాపు అట్టడుగున ఉన్నవారు. కొందరికి కొద్ది ఎకరాలు, కొందరికి పెరటి తోట తప్ప మరేమీ ఉండేది కాదు. దొర పొలంలో కూలికి పోవడమే బతుకుతెరువు. కాటన్ ఇంటిపేరు గలవారంతా ఆ కూలీల సంతతి అనుకోరాదు. ఊరిపేరు ఇంటిపేరుగా మారేటప్పుడు ఆ ఊరి భూస్వామి కూడా అదే పేరు పెట్టుకుంటాడు. ఆ ఊరు విడిచి పట్నం చేరిన బీదవాడినీ అదే పేరుతో పిలుస్తారు. 1066లో నార్మన్ల విజయం తరువాత ‘ఫలానా ఊరివాడు’ అన్న గుర్తింపుగా మొదలైన ఈ పేర్లు పద్నాలుగవ శతాబ్దం నాటికి తండ్రినుంచి కొడుక్కు దిగేవిగా స్థిరపడ్డాయి. తెలుగువారి ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఎంత అధికమో తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు.

ఇలా ‘పాకల వద్ద’ ఉన్న ఊళ్లు ఇంగ్లండులో ఒకటి రెండు కావు. కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఉంది. వార్విక్‌షైర్, స్టాఫర్డ్‌షైర్, డెర్బీషైర్, నార్తాంప్టన్‌షైర్‌లలో కోటన్‌లూ కాటన్‌లూ ఉన్నాయి. నాటింగ్‌హామ్‌షైర్, లాంకషైర్ వైపు అదే మాట కాటమ్‌గా మిగిలింది. యార్క్‌షైర్‌లో కోట్స్ అనే ఇంటిపేరూ ఆ మాట నుంచి పుట్టినదే. అందువల్ల కాటన్‌లందరికీ మూలపురుషుడొకడు లేడు. ఒకే పేరు పలుచోట్ల విడివిడిగా మొలిచింది. ఇద్దరు కాటన్‌లు ఎదురుపడితే వారు దాయాదులు కావడం కంటె ఏ సంబంధమూ లేనివారు కావడానికే ఎక్కువ అవకాశం.

పాకల పేరు మోసినవారిలో కొందరు మహళ్లలోనే జీవించారు. చెషైర్‌లో కాంబర్‌మియర్ మఠాన్ని ఎనిమిదవ హెన్రీ రద్దుచేసినప్పుడు అది జార్జ్ కాటన్ అనే రాజోద్యోగి చేతికి వచ్చింది. ఆ వంశంవాడే స్టేపుల్టన్ కాటన్. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాని. లార్డ్ కాంబర్‌మియర్‌గా ప్రసిద్ధుడు. ఆయన పినతండ్రి కొడుకే మన ఆర్థర్ కాటన్. 1803లో జన్మించాడు, పదకొండుమంది అన్నదమ్ములలో పదవవాడు.

వేరొక శాఖకు చెందిన రాబర్ట్ కాటన్ చేసిన పని ఇంకా విశేషమైనది. 1571 నుంచి 1631 వరకు జీవించిన ఈయన, మఠాలు మూతపడి చెల్లాచెదరైన ప్రాచీన రాతప్రతులను కూడబెట్టాడు. గ్రంథాలయంలోని ఒక్కొక్క బీరువామీద ఒక రోమన్ చక్రవర్తి లేదా రాణి ప్రతిమ నిలిపి, దాని పేరనే పుస్తకాలకు గుర్తు ఇచ్చాడు. ‘బేవుల్ఫ్’ కావ్యపు ఏకైక ప్రతి నేటికీ ‘కాటన్ విటెలియస్’ అన్న గుర్తుతోనే ఉన్నది. 1629లో ప్రభుత్వం ఆ గ్రంథాలయానికి తాళం వేయించింది. రెండేళ్లకు ఆయన పోయాడు. 1731లో జరిగిన అగ్నిప్రమాదంలో బేవుల్ఫ్ అంచులు మాడిపోయాయి గాని కావ్యం దక్కింది. గుడిసెను ‘కాట్’ అని పిలిచిన ఆ ప్రాచీన భాష గురించి ఈనాడు తెలిసినదానిలో గొప్పభాగం, ఆ గుడిసెల పేరు మోసిన ఈ మనిషి బీరువాలలోనే బతికి బయటపడింది.

భారతదేశపు పటం మీద ఈ పేరు అక్కడక్కడ చెరగని ముద్ర వేసింది. కలకత్తా బిషప్ జార్జ్ కాటన్ 1859లో సిమ్లా పాఠశాలను స్థాపించాడు. 1866లో నేటి బంగ్లాదేశ్‌లోని కుష్తియా వద్ద స్టీమరు ఎక్కబోతూ నదిలో జారిపడి మరణించాడు. అస్సాం చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన హెన్రీ కాటన్ 1845లో కుంభకోణంలో పుట్టినవాడు. తేయాకు తోటల కూలీల పక్షాన మాట్లాడి తోట యజమానుల ఆగ్రహానికి గురయ్యాడు. 1904లో బొంబాయి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడయ్యాడు. గౌహతిలో 1901లో వెలసిన కాటన్ కళాశాల 2017లో కాటన్ విశ్వవిద్యాలయమైంది.

అట్లాంటిక్ దాటిన కథ వేరు. 1633లో జాన్ కాటన్ అనే మతాచార్యుడు లింకన్‌షైర్‌లోని బోస్టన్ విడిచి మసాచుసెట్స్‌లోని బోస్టన్‌కు వెళ్లాడు. ఆయన మనుమడికి తాతగారి ఇంటిపేరునే నామకరణం చేశారు. కాటన్ మేథర్‌గా చరిత్రకెక్కినవాడు అతడే. కాని అమెరికాలో ఈ ఇంటిపేరు తెల్లవారికి మాత్రమే పరిమితం కాలేదు. నల్లజాతివారిలోనూ గణనీయమైన సంఖ్యలో కనిపిస్తుంది. 1865లో బానిసత్వం రద్దయ్యాక ఇంటిపేరు అవసరమైనప్పుడు విముక్తులు రకరకాల మార్గాలు తొక్కారు. కొందరు యజమాని పేరు, కొందరు అంతకుముందే తమలో తాము వాడుకుంటున్న పేరు, మరికొందరు తాము కోరుకున్న పేరు పెట్టుకున్నారు. పత్తి చేలలో వెన్ను విరిగిన జనానికి కాటన్ అనే పేరు చేను ఇచ్చిందేనని తేల్చివేయడం తేలిక. ఒక్కొక్క కుటుంబం కాగితాలూ చూడనిదే ఆ మాట అనరాదు. హార్మోనికా వాద్యంలో పేరు మోసిన జేమ్స్ కాటన్ 1935లో మిసిసిపీలోని ట్యూనికాలో, పత్తి పొలాల మధ్యనే పుట్టాడు. గుడిసెల పేరు పెట్టుకున్నవాడు పత్తి చేలో కళ్లు తెరిచాడు.

పేరూ పత్తీ ఒకచోట కలిసిన ఘట్టం మన దేశంలోనూ ఉన్నది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైనప్పుడు, అక్కడివారు భారతదేశపు పత్తిమీద ఆశ పెట్టుకున్నారు. ఆ పత్తికి నీళ్లూ, రేవు చేరడానికి పడవల దారీ కావాలి. కాలువలు రెండు పనులకూ ఉపకరిస్తాయని ఆర్థర్ కాటన్ ఏనాటినుంచో చెబుతున్నాడు. ఆయన ప్రోద్బలం ఉన్న ఒక ఇంగ్లీషు కంపెనీ తుంగభద్రనుంచి కర్నూలు–కడప కాలువను తవ్వింది. లాభాలు రాక నష్టపోయింది. చివరకు ప్రభుత్వమే కాలువను కొన్నది. గోదావరి డెల్టాలో మాత్రం ఆయన నీళ్లు వరి పండించాయి. ధవళేశ్వరం పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ నీటితో పండిన వరి గడ్డితోనే డెల్టాలో ఎన్నో ఏళ్లపాటు పాకలు నేశారు.