బెంగళూరులో ఒక్కరే ఉన్నారా? అయితే నిలబడి తినండి!

"అన్నయ్యా, ఈ ఊళ్లో తిండే లేదు!"

ఫోన్ ఎత్తగానే మా పిన్ని కొడుకు అన్న మొదటి మాట ఇది. తెనాలి కుర్రాడు. మొదటి ఉద్యోగం. మారతహళ్లిలో ఓ పీజీలో దిగి మూడు వారాలైంది. అంత పెద్ద బెంగళూరులో తిండి లేకపోవడమేంట్రా అని గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. రోజూ రాత్రి యాప్‌లో బిర్యానీ ఆర్డర్ పెట్టుకోవడం, మంచం మీద కూర్చుని ఫోన్లో ఏదో ఒకటి చూస్తూ తినేయడం, డబ్బా చెత్తబుట్టలో పడేసి పడుకోవడం. మూడు వారాలుగా ఇదే వరస.

"హోటల్‌కి వెళ్లొచ్చుగా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నాడు: "ఒక్కడినే వెళ్తే ఏదోలా ఉంటుందన్నయ్యా. లోపలికి వెళ్లగానే 'ఎంతమంది సార్?' అని అడుగుతారు. ఒక్కడినే అని చెప్పాలంటే..."

ఇదీ విషయం. వాడికి లేనిది తిండి కాదు, తోడు. బెంగళూరులో నా మొదటి నెలలు కూడా ఇలాగే గడిచాయి కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఆ శనివారం పొద్దున్నే బస్సు దిగి వాణ్ని నిద్ర లేపాను. ఈ వారం కాలమ్ ఆ రెండు రోజుల తిండి కథ. బెంగళూరులో కొత్తగా దిగినవాళ్లు, దిగబోతున్నవాళ్లు దాచుకోండి.

కుర్చీలు లేని హోటల్

గ్రీన్ లైన్ మెట్రోలో నేషనల్ కాలేజ్ స్టేషన్ దగ్గర దిగి శంకరపురం వైపు నడిచాం. శంకర మఠం దగ్గర చిన్న షాపు, దాని ముందు పేవ్‌మెంట్ మీద గుంపు. అదే బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నుంచి ఉంది. మెనూ చదవడానికి అర నిమిషం చాలు: ఇడ్లీ, వడ, ఖారా బాత్, కేసరి బాత్, కాఫీ, టీ. సాంబారు అడక్కండి, ఉండదు. చట్నీ మాత్రం అడిగినన్నిసార్లు పోస్తారు.

మావాడు ప్లేటు పట్టుకుని అలవాటు ప్రకారం కుర్చీ కోసం చూశాడు. కుర్చీల్లేవు. ఆఫీసుకెళ్లే ఆయన, వాకింగ్ నుంచి వచ్చిన పెద్దావిడ, స్కూల్ పిల్లాడితో వచ్చిన నాన్న, అందరూ నిలబడే తింటున్నారు. సగం మంది ఒక్కరుగా వచ్చినవాళ్లే. "ఇక్కడ ఎవరూ ఎంతమంది అని అడగలేదేంటి?" అన్నాడు. "అడిగి ఏం చేస్తార్రా, ఇవ్వడానికి కుర్చీ ఉంటేగా!" అన్నాను. నవ్వాడు. మూడు వారాల్లో మొదటి నవ్వేమో.

ఇలా నిలబడి తినే పద్ధతికి బెంగళూరులో ఓ పేరుంది: దర్శిని. 1983లో ఆర్. ప్రభాకర్ అనే ఆయన జయనగర్‌లో కెఫే దర్శిని పెట్టాక ఈ నమూనా ఊరంతా పాకింది. లెక్క చాలా సింపుల్. ముందే డబ్బు కట్టి టోకెన్ తీసుకోవాలి, కౌంటర్ దగ్గర ప్లేటు అందుకోవాలి, ఎత్తు టేబుల్ దగ్గర నిలబడి తినాలి. సర్వర్లు అక్కర్లేదు, పెద్ద హాలు అక్కర్లేదు. పది నిమిషాల్లో ఒకరు వెళ్లి ఇంకొకరు వస్తారు కాబట్టి తక్కువ ధరకే వేడివేడిగా పెట్టగలరు. వంట కూడా మన కళ్ల ముందే. రీల్స్‌లో మీరు రోజూ చూసే రామేశ్వరం కెఫే 2021లో మొదలైంది కానీ, నిలబడి తినే ఆ పద్ధతి మాత్రం ఈ దర్శినులదే.

ఇంకో మాట కూడా నేర్చుకోండి: బై టూ. ఒక కాఫీ చెప్పి 'బై టూ' అంటే రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తారు. ఇందులో పిసినారితనం ఏమీ లేదు, ఆ ఊరి మర్యాద అది. మేమూ అదే చెప్పాం.

పక్కవాడి టేబులే మీ టేబుల్

ఇడ్లీ అరగడానికి లాల్‌బాగ్ చుట్టూ తిరిగి, మధ్యాహ్నం టిఫిన్ వేళకి గాంధీ బజార్ చేరాం. విద్యార్థి భవన్ 1943లో మొదలైంది. పేరు చూస్తేనే తెలుస్తుంది, చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం పెట్టిన హోటల్. ఇక్కడ కుర్చీలున్నాయి. కానీ ఖాళీగా ఎక్కడ కుర్చీ ఉంటే అక్కడ కూర్చోబెడతారు. ఎదుట ఎవరుంటారో మన చేతిలో లేదు.

మా ఎదుట ఒక పెద్దాయన కూర్చున్నారు. పంచె కట్టుకున్న సర్వర్ ఒక చేతి మీద దోసె ప్లేట్లు మెట్లలా పేర్చుకుని వచ్చి, ఒక్కటీ జారకుండా పంచుతుంటే మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. దోసె చిన్నదే. పైన ఎర్రగా కరకర, లోపల మెత్తన. మన పేపర్ దోసె అనుకుని వెళ్తే తేడా కొడుతుంది. ఇది మందం, నెయ్యి వాసన ముందే వస్తుంది.

"యావ ఊరు?" అన్నారు పెద్దాయన. మావాడు తడబడి "తెనాలి" అన్నాడు. ఆయన వెంటనే తెలుగులోకి దిగిపోయారు. నలభై ఏళ్ల నుంచి ఇక్కడే తింటున్నారట, కాలేజీలో ఉన్నప్పుడు నెలాఖరుకి ఇద్దరు కలిసి ఒక దోసె తినేవాళ్లట. వెళ్తూ వెళ్తూ "దోసె చల్లారిపోతుంది, ముందు తిను" అని మావాడి ప్లేటు చూపించి వెళ్లారు. పేరు అడగలేదు, చెప్పలేదు. అయినా ఆ రోజంతా మావాడు ఆయన గురించే మాట్లాడాడు.

లాల్‌బాగ్ దగ్గరే ఉన్న ఎం.టి.ఆర్. గురించి కూడా చెప్పాలి. 1924లో మొదలైన ఈ హోటల్‌కి నూరేళ్లు దాటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా బియ్యం రాక ఆగిపోయినప్పుడు బియ్యానికి బదులు బొంబాయి రవ్వతో ఇడ్లీ చేసి చూశారని, అదే రవ్వ ఇడ్లీ అయిందని వాళ్లు చెప్పుకుంటారు. లేనిదాని గురించి ఏడవకుండా ఉన్నదానితో వండితే కొత్త వంట పుట్టింది. ఈ ముక్క మావాడికి కావాలనే రెండుసార్లు చెప్పాను.

కాంగ్రెస్ పొట్లం చేసిన పని

సాయంత్రం వి.వి. పురం తిండి వీధి. సజ్జనరావు సర్కిల్ దగ్గర మొదలయ్యే ఈ చిన్న రోడ్డు పొద్దుగూకాక అంతా దోసెలు, బజ్జీలు, హోళిగెలు. హోళిగె అంటే మన బొబ్బట్టే. చలికాలంలో ఇటువైపు వెళ్తే అవరెకాయి వంటకాలు వదలొద్దు. అవరెకాయి అంటే మన అనపకాయ. చిత్తూరు వైపువాళ్లకి పితికిపప్పు అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు.

అదే వీధిలో 1953 నాటి వి.బి. బేకరీ ఉంది. అక్కడ ఖారా బన్ను తిని, మసాలా వేసిన వేరుశనగ పప్పు ఒక పొట్లం కట్టించుకున్నాం. దాని పేరు 'కాంగ్రెస్'. ఓట్లు అడగదులెండి, కారంగా ఉంటుంది.

రాత్రి పీజీకి వచ్చాక మావాడు ఆ పొట్లం విప్పి, ఒక్క క్షణం ఆగి, పక్క మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న కుర్రాడి ముందు పెట్టాడు. మూడు వారాలుగా ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. స్విచ్ ఆపనా, వేయనా అన్న మాట తప్ప ఇంకో మాట లేదట. ఆ అబ్బాయి రెండు పలుకులు నోట్లో వేసుకుని లేచి కూర్చున్నాడు. "వి.వి. పురందేనా? నేనింకా పోలేదు బ్రో. ఒక్కడే పోవాలంటే బేజారు."

మదనపల్లె కుర్రాడట. వీడూ తెలుగే, వాడూ తెలుగే. ఇద్దరూ ఒకే యాప్‌లో, వేరువేరుగా, ఒకే హోటల్ బిర్యానీ తెప్పించుకుంటున్నారట!

ముద్ద నమలకూడదు

ఆదివారం ముగ్గురం బయల్దేరాం. ఈసారి మిలటరీ హోటల్. పేరు చూసి భయపడకండి, క్యాంటీన్ కార్డేమీ అక్కర్లేదు. మాంసం వండే పాతకాలపు హోటళ్లని ఈ ఊళ్లో అలా పిలుస్తారు. జయనగర్‌లో శివాజీ, కాటన్‌పేటలో ఎస్.జి. రావ్ బాగా పేరున్నవి. ఇక్కడి దొన్నె బిర్యానీ ఆకు దొన్నెలో వస్తుంది. మనం కూడా దొన్నె అనే అంటాం కదా! హైదరాబాద్ బిర్యానీలా పొడుగు మెతుకులు వెతక్కండి. పొట్టి బియ్యం, ఆకుపచ్చ మసాలా, పుదీనా వాసన. రెండిటినీ పోల్చడం మొదలుపెడితే రెండూ రుచించవు.

మేం వెళ్లింది వీధి మలుపులో ఉన్న ఓ చిన్న హోటల్‌కి. రాగి ముద్ద, మటన్ సారు చెప్పాం. మావాడు ముద్దని చెంచాతో కోయబోతుంటే మదనపల్లె కుర్రాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "అట్ల కాదు బ్రో. కొంచెం తుంచు, సారులో ముంచు, మింగేయ్. నమిలితే పళ్లకి అంటుకుంటాది." తర్వాత తనే ఒక ముద్ద మింగి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా అవ్వ చేసే సంగట్లో బియ్యం గూడా పడతాయి. దీన్లో లేవు. కానీ వాసన అదే" అన్నాడు. మంచి హోటల్‌కి ఇంతకంటే రేటింగ్ ఏం కావాలి?

చివరికి మన భోజనం

ఆ రాత్రి నా బస్సుకి ముందు రెసిడెన్సీ రోడ్డుకి వెళ్లాం. బెంగళూరులో 'ఆంధ్రా మీల్స్' అనేది ఇప్పుడు ఆ ఊరి సొంత తిండి అయిపోయింది. నాగార్జున 1984 నుంచి ఇదే రోడ్డులో ఉంది. నందిని శాఖలు ఊరంతా కనిపిస్తాయి. చర్చ్ స్ట్రీట్‌లో భీమాస్ ఉంది. అరిటాకు, పప్పు, కందిపొడి, నెయ్యి, ఆవకాయ. వాటి పక్కన పచ్చిమిర్చి చిల్లీ చికెన్. ఈ చివరిది మా ఇళ్లలో నేనెప్పుడూ చూడలేదు గానీ, 'ఆంధ్రా' అనగానే కన్నడ స్నేహితులు ముందు అడిగేది అదే. ఊరు వదిలి వచ్చినవాళ్లు ఊరి రుచిని తెచ్చుకుంటారు, కొత్త ఊరు దానికి తన ముక్క కలుపుతుంది.

మేం వెళ్లిన హోటల్ గుమ్మంలో లైను ఉంది. పుస్తకం పట్టుకున్న ఆయన తలెత్తకుండానే అడిగాడు: "ఎంతమంది సార్?"

నేను నోరు తెరిచేలోపే మావాడు అన్నాడు: "ముగ్గురం."

వెళ్లేముందు ఒక్క నిమిషం

ఎం.టి.ఆర్.కి సోమవారం, విద్యార్థి భవన్‌కి శుక్రవారం, బ్రాహ్మిన్స్ కాఫీ బార్‌కి ఆదివారం సెలవు. టైమింగ్స్ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్లో ఒకసారి చూసుకోండి. పాత హోటళ్లు చాలావరకు మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తాయి.

వీకెండ్ తొమ్మిది దాటితే విద్యార్థి భవన్ బయట గంటసేపు నిలబడాల్సి రావచ్చు. వీలైతే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. ఇంకో శనివారం ఖాళీ ఉంటే మల్లేశ్వరం వెళ్లి సి.టి.ఆర్.లో బెన్నె మసాలా దోసె తినండి. బెన్నె అంటే వెన్న. బోర్డు మీద శ్రీ సాగర్ అని ఉంటే కంగారుపడొద్దు, అదే ఇది.

జేబులో కొంచెం చిల్లర ఉంచుకోండి. చిన్న హోటళ్లలో క్యూఆర్ కోడ్ ఎప్పుడూ పనిచేస్తుందని నమ్మకం లేదు. తినేశాక ప్లేటు మీరే తీసి తొట్టెలో పెట్టండి. చోటు లేకపోతే "స్వల్ప అడ్జస్ట్ మాడి" అనండి, జరుగుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది: ఈ పేర్లన్నీ దూరమనిపిస్తే వదిలేయండి. మీ పీజీకి ఐదు నిమిషాల దూరంలో, ఏ రీల్‌లోనూ రాని దర్శిని ఒకటి ఉండే ఉంటుంది. వారం రోజులు ఒకే టైముకి అక్కడికి వెళ్లండి. ఎనిమిదో రోజు మీరు అడక్కముందే కౌంటర్ ఆయన మీ కాఫీ పోస్తాడు. కొత్త ఊళ్లో మనల్ని గుర్తుపట్టే మొదటి మనిషి చాలాసార్లు ఆయనే.

నిన్న రాత్రి మావాడి నుంచి ఒక ఫొటో వచ్చింది. ఎత్తు స్టీలు టేబుల్, రెండు చిన్న గ్లాసులు. కింద రెండే మాటలు: "బై టూ." రెండో గ్లాసు ఎవరిదో నేను అడగలేదు.