అమ్మ చదవగలిగే లిపిలో సంకేత భాష

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వాక్, శ్రవణ వైకల్యాల జాతీయ సంస్థకు చెందిన ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, ఆ సంస్థకు పెట్టిన పేరు మాత్రం హైదరాబాద్ బిడ్డ నవాబ్ అలీ యావర్ జంగ్‌ది. ఉస్మానియాకు, అలీగఢ్‌కు ఉపకులపతిగా, మహారాష్ట్రకు గవర్నర్‌గా పనిచేసిన వారాయన. వినికిడి పరీక్షల కోసం జంటనగరాల ఆస్పత్రుల చుట్టూ బిడ్డను ఎత్తుకుని తిరిగే తల్లులలో మన ఇళ్ళవారు ఎందరో ఉన్నారు. పరీక్ష ముగుస్తుంది, కాగితం చేతికి వస్తుంది. ఇంటికి చేరాక బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంటుంది.

బధిరులుగా పుట్టే పిల్లలలో నూటికి తొంభై మందికి పైగా వినికిడి ఉన్న తల్లిదండ్రులకే పుడతారు. అంటే ఆ ఇంట్లో సంకేత భాష తెలిసినవారు ఒక్కరూ ఉండరు. ‘చేతులతో అలవాటు చేస్తే ఇక మాట రాదు’ అని బంధువులు భయపెడతారు. ఇది అపోహ. వినికిడి యంత్రం పెట్టినా, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించినా, తొలి అయిదేళ్ళలో బిడ్డకు ఏదో ఒక భాష పూర్తిగా అందాలి. అది అందకుండా గడిచిన కాలాన్ని తరువాత ఏ బడీ తిరిగి ఇవ్వలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2018లో మూడు వేల పదాలతో వెలువడిన దాని నిఘంటువు 2021 నాటికి పది వేలకు చేరింది. 2022 సెప్టెంబరు 23న, అంతర్జాతీయ సంకేత భాషల దినాన, ‘సైన్ లెర్న్’ యాప్ విడుదలైంది. మంచి పని. కానీ విడుదలైనప్పుడు అందులో పదం వెదకడానికి పెట్టిన భాషలు హిందీ, ఇంగ్లీషు. ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ, ఉర్దూ లిపి మాత్రమే చదవగలిగే తల్లికి ఆ పది వేల పదాలూ తాళం వేసిన అలమారాలోనివే. తెలుగు మాధ్యమంలో చదివిన పెద్దకూతురు పక్కన కూర్చుని సాయపడదామన్నా అప్పుడు అదే చిక్కు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో బిడ్డ రాత్రంతా ఏడ్చింది. నొప్పి కడుపులోనో చెవిలోనో తేల్చుకోలేక తండ్రి తెల్లవారేదాకా ఎత్తుకుని తిరిగాడు. అందుకే మొదటి పాఠం అక్షరమాలతో మొదలు కారాదని మా అభిప్రాయం. రెండు చేతులతో ఇంగ్లీషు అక్షరాలు చూపడం మూడేళ్ళ బిడ్డకు ఎందుకు? నొప్పి, ఆకలి, భయం, నీళ్ళు, నాన్న ఎప్పుడొస్తాడు – ఇవి ముందు రావాలి. వీడియో చిన్నదిగా, పాత ఫోనులోనూ ఆడేదిగా, దించుకుని మళ్ళీ మళ్ళీ చూసుకునేదిగా ఉండాలి. అయితే డేటా ఆదా చేయాలని బొమ్మను మరీ కుదిస్తే వేళ్ళ కదలిక మసకబారుతుంది. వేగం తగ్గించి చూసే వీలు తప్పనిసరి. తెలుగు, ఉర్దూ శీర్షికలు రెండూ ఉండాలి.

ఇక బయట ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. సంకేత భాషలో ముఖం అలంకారం కాదు, వ్యాకరణం. కనుబొమలు, పెదవుల కదలికతోనే ప్రశ్నకూ వాక్యానికీ తేడా తెలుస్తుంది. నఖాబ్ ధరించే తల్లి కెమెరా ముందు పరపురుషుల మధ్య సాధన చేయమంటే ఆమె తరగతికే రాదు. మహిళలకు మహిళలే నేర్పే, రికార్డు చేయని ప్రత్యక్ష తరగతులు ఉంటే వస్తుంది. ఇది కోరడం వెనుకబాటు అని ఎవరైనా అంటే, తల్లి నేర్చుకోవడం ముఖ్యమా, తమ అభిప్రాయం ముఖ్యమా అని అడగాలి.

నేర్పేవారు బధిరులే కావాలి. అది వారి భాష, వారి జీవనోపాధి కూడా. 1970ల నుంచి పరిశోధకులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు నగరాల సంకేతాలను పోల్చి నమోదు చేశారు. మన జంటనగరాల బధిర యువకులు వాడే సంకేతాలు, రోజా, ఇఫ్తార్, నికాహ్, జనాజా వంటి మాటలకు వారు చూపే గుర్తులు సహా, వారి చేతనే చిత్రీకరింపజేయాలి. వినికిడి ఉన్నవారు గదిలో కూర్చుని కల్పించిన సంకేతాలు మాకొద్దు.

చట్టం మన పక్షాన ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంకేత భాషను సంభాషణ సాధనంగా గుర్తించింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌలభ్య ప్రమాణాలను ఐచ్ఛికంగా వదిలేయరాదని తీర్పిచ్చింది. దానికి ఆధారమైన నివేదిక మన నల్సార్ విశ్వవిద్యాలయానిదే. 2025 ఏప్రిల్ 30న డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమని అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. కాబట్టి తెలుగు, ఉర్దూ శీర్షికలు అడగడం దయ కోరడం కాదు.

మన వంతు కూడా ఉంది. మక్కా హరంలో జుమా ఖుత్బాకు సంకేత భాషానువాదం ఉంది, కేరళ పులిక్కల్‌లోని ఒక మస్జిద్‌లోనూ ఉంది. సికింద్రాబాద్‌లో జుమా రోజున చివరి వరుసలో కూర్చుని ఇమామ్ పెదవులనే చూస్తూ లేచి వెళ్ళే యువకులను మనం చూస్తూనే ఉన్నాం. మస్జిద్ కమిటీలు వారానికి ఒక సాయంత్రం గది, వైఫై ఇవ్వగలవు. మదర్సా ఉస్తాదులలో ఒక్కరైనా నేర్చుకోవచ్చు. రానున్న సెప్టెంబరు 23లోగా, తల్లులూ బధిర యువకులూ సంతకాలు చేసిన వినతిపత్రాన్ని రాష్ట్ర వికలాంగుల సంక్షేమ శాఖకు అందజేయాలని మా ప్రతిపాదన. దాని ప్రతి తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. సంతకం చేసే తల్లి ముందుగా దాన్ని చదువుకోగలగాలి.