శూన్యంలో చప్పుడు

నిజామాబాదులోనైనా, మరే పట్టణంలోనైనా వైజ్ఞానిక కల్పనా చిత్రం ముగిశాక అభిమానుల వాదన మొదలవుతుంది. అంతరిక్ష నౌక పేలినప్పుడు అంత చప్పుడు వస్తుందా అని ఒకరు ప్రశ్నిస్తారు. సినిమాకు తర్కమెందుకని మరొకరు కొట్టిపారేస్తారు.

శాస్త్రం మొదటివారి పక్షమే. ధ్వని ప్రయాణించడానికి గాలి వంటి యానకం అవసరం. శూన్యంలో అది లేదు. నౌకలోని ప్రాణవాయువు వల్ల మంట క్షణకాలం వెలిగినా, వెంటనే ఆరిపోతుంది. శకలాలు మాత్రం అడ్డుకునే గాలి లేక అదే వేగంతో సాగిపోతాయి.

పేలుడులో గాలి పాత్ర ఎంతటిదో భూమిపైనే గ్రహించవచ్చు. బోధన్ ప్రాంతం చెరకు పంటకు, 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారానికి పేరుపొందింది. అక్కడివారికి చిరపరిచితమైన చక్కెర సైతం మెత్తని ధూళిగా గాలిలో కమ్ముకున్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో 2008లో జరిగిన అటువంటి ప్రమాదంలో 14 మంది మరణించారు. చక్కెర పేలుతుందంటే నమ్మనివారు శూన్యంలోని మోతను మాత్రం సులభంగా నమ్ముతారు. కనుక నమ్మదగినట్లు కనిపించేదంతా నిజం కాదు.

అయితే కళకు స్వేచ్ఛ వద్దా? తప్పక ఉండాలి. 1977 నాటి 'స్టార్ వార్స్' పేలుళ్ళ మోతతోనే ప్రేక్షకులను అలరించింది. అంతకుముందే, 1968లో, '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చిత్రంలో దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ ఒక పేలుడును నిశ్శబ్దంగా చూపారు. నౌక గదిలో గాలి నిండిన తరువాతనే ధ్వని వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దం ఉత్కంఠను తగ్గించలేదు, పెంచింది. సత్యం కళకు సంకెల కాదనడానికి ఇదే నిదర్శనం.

సినిమాను ఆనందించడం తప్పు కాదు. ఆనందించినదానిని ప్రశ్నించే విద్యార్థిని ఎగతాళి చేయడమే తప్పు.