చేప కన్నా ముందు ఊరు

"ఎలాగూ రెండేళ్లలో వెళ్లిపోతాం కదా టీచర్, ఈ ఊరి సంగతులు మనకెందుకు?" బదిలీ ఉద్యోగుల పిల్లల నోట తరచూ వినే మాట ఇది. నా అభిప్రాయం వేరు. కొన్నాళ్లే ఉంటాం కాబట్టే ఉన్న చోటును బాగా తెలుసుకోవాలి. అందుకు మంచి దారి, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకోవడం.

కశ్మీర్‌లో హరముఖ్ పర్వతం కింద, 3,500 మీటర్లకు పైగా ఎత్తున గంగబల్ సరస్సు ఉంది. నారానాగ్ నుంచి కొండెక్కి నడిచి వెళ్లాలి. అక్కడ ట్రౌట్ చేపలు పట్టాలంటే గాలం ఒక్కటే చాలదు. మత్స్యశాఖ పర్మిట్ కావాలి. మంచు కరిగిన వేసవి నెలలు చూసుకోవాలి. దారి తెలిసిన గుజ్జర్ కాపరులను అడగాలి. అడగాలంటే గోజ్రీలో నాలుగు మాటలైనా నేర్చుకోవాలి. అలా చేప చిక్కక ముందే ఊరు మనకు దగ్గరవుతుంది.

ఆ ట్రౌట్ కూడా అక్కడ పుట్టింది కాదు. 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి తెచ్చారు. మనలాగే బదిలీపై వచ్చిందన్నమాట! అయితే అది స్థానిక చేపల మేతకు పోటీకి వస్తుంది. మనం అలా కాకూడదు. కావలసినన్ని చేపలే పట్టాలి, చెత్త వెనక్కి తెచ్చుకోవాలి, అక్కడివారి మాట వినాలి.

మీరున్న చోట గంగబల్ లేకపోవచ్చు. ఒక చెరువో వాగో ఉండే ఉంటుంది. బదిలీ ఉత్తర్వు వచ్చేలోగా దాని పేరైనా కనుక్కోండి, పిల్లలూ!