చప్పుడే కదా అని వదిలెయ్యకండి

"జీపన్నాక చప్పుడు చెయ్యదా?"

ఈ మాట మా ఇంట్లో నాలుగు నెలలు విన్నాను. మా ఆయన అన్నారు, మామయ్యగారు అన్నారు, డబ్బులు తీసుకుని పని చేసిన షెడ్డు అబ్బాయి కూడా అన్నాడు. నా జవాబు ఇవాళ ఇక్కడ రాస్తున్నాను.

మాది అమరావతి. పొలం క్రోసూరు వైపు. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్లు డొంకలో వెళ్లాలి. నల్లరేగడి సంగతి మీకు తెలియనిదేముంది? వానకి బంక, ఎండకి నెర్రెలు. అందుకే కారు కాకుండా జీపు కొన్నారు. మిరప కోతలప్పుడు నీళ్ల క్యాన్లు, పట్టాలు, కోతకొచ్చే ఆడవాళ్లు, మా పాప, అందరూ అందులోనే.

దీపావళి దాటాక ముందు చక్రాలకు బ్రేక్ ప్యాడ్లు మార్పించారు. అప్పట్నుంచి డొంకలో దిగగానే కటకటమని ఒకటే చప్పుడు. బ్రేకు మీద కాలు కాస్త ఆనిస్తే ఆగుతుంది, తీస్తే మళ్లీ మొదలు. అదే చెబితే, "ఇవన్నీ నీకెందుకు?" అని మా ఆయన పాట సౌండు పెంచారు.

ఎందుకంటే, వంటింట్లో మేం చెవులతోనే పని చేస్తాం కాబట్టి. కుక్కర్ ఆవిరి పక్కనుంచి పోతుంటే రబ్బరు పోయిందని, మిక్సీ గొంతు మారితే ఏదో ఇరుక్కుందని పక్క గదిలోంచే చెప్తాం. ఆ చెవులు జీపెక్కగానే పనికిరాకుండా పోతాయా?

చివరికి నేనే పట్టుబట్టి, గుంటూరులో ఒక పెద్దాయన దగ్గరికి బండి తీసుకెళ్లించాను. నేను చెప్పింది ఆయన పూర్తిగా విన్నాడు. "కాలు ఆనిస్తే ఆగుతోందంటే ప్యాడ్లే ఆడుతున్నట్టున్నాయమ్మా" అన్నాడు.

చక్రం విప్పితే, ప్యాడ్లను కదలకుండా పట్టి ఉంచే రేకు క్లిప్పులే లేవు. పాత ప్యాడ్లతో పాటు పారేసి, మళ్లీ వెయ్యలేదు. కాలిపర్ జారే పిన్నుల్లో గ్రీజు ఎండిపోయింది. కింది బోల్టయితే స్పానర్ అక్కర్లేకుండా వేళ్లకే తిరిగింది. మా ఆయన నోట మాట రాలేదు. కాలవ కట్ట మీంచి దిగేటప్పుడు వెనక ఎవరు కూర్చుంటారో ఇద్దరికీ గుర్తొచ్చింది.

బాగుచెయ్యడం పెద్ద పనేం కాదు. బ్రాకెట్ తుప్పు తీగబ్రష్‌తో రుద్ది, రెండు వైపులా కొత్త క్లిప్పులు వేశాడు. పిన్నులకు వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు రాశాడు. డిస్కుకి, ప్యాడ్ రాసుకునే వైపుకి మాత్రం చుక్క తగలనివ్వలేదు. బోల్టులు కొలత ప్రకారం బిగించాడు. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కమన్నాడు. గంటన్నరలో అయిపోయింది. నాలుగు నెలల చప్పుడు పోయింది.

"డొంకలో చప్పుడు మామూలే" అంటారు. నిజమే, డోరు కొట్టుకోవచ్చు, టూల్ బాక్సు ఎగరొచ్చు. కానీ ఏ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో చూశాక కదా మామూలనాలి! ప్యాడ్లు ఆడినంత మాత్రాన ఆ రోజే బ్రేకు పోకపోవచ్చు. మా బండిలో ఆ కటకట వెనకే వదులు బోల్టు దాక్కుంది. బ్రేకులు ఎప్పుడూ సరిగ్గా పనిచేసే స్థితిలో ఉంచాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వ నియమమే ఉంది. డొంకలో నడిచే బండికి అందులోంచి మినహాయింపేం లేదు.

కాబట్టి అమ్మలూ, ప్యాడ్లు మార్పిస్తే "క్లిప్పులు వేశారా? పాతవేవి, చూపించండి" అని అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. బండిలో కొత్త చప్పుడు వినపడితే చెప్పండి. మీ వారు పాట సౌండు పెంచితే, చెయ్యి చాపి కట్టెయ్యండి.