పాలు పొయ్యకండి బాబూ!

మన ఐటీ జనాలకి ఒక జబ్బుంది. ఫోన్ కొనాలంటే పాతిక రివ్యూలు చదువుతాం. ప్రాసెసర్ ఏంటి, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని పోల్చి పోల్చి చూస్తాం. కుక్కపిల్లని మాత్రం శనివారం సాయంత్రం వాట్సాప్‌లో ఫోటో చూసి ఆదివారం పొద్దున్నే తెచ్చేసుకుంటాం. సోమవారం ఆఫీసులో అందరికీ ఫోటోలు చూపిస్తాం. గురువారానికి దానికి మోషన్స్. కాస్త ఘాటుగానే రాస్తున్నా, ఏమీ అనుకోకండి. తిట్లలో మొదటి వాటా నాదే.

పోయినేడాది జూన్‌లో నేనూ, మా టీమ్‌లో ఇంకో కుర్రాడూ ఒకే ఈతలో పుట్టిన రెండు ల్యాబ్రడార్ పిల్లల్ని తెచ్చుకున్నాం. బొల్లారం వైపు ఒక ఇంట్లో అమ్ముతుంటే వెళ్ళాం. "ఫార్టీఫైవ్ డేస్ సార్, డబుల్ బోన్, వ్యాక్సిన్ కూడా అయిపోయింది" అన్నాడు. తల్లిని చూపించమంటే "ఊళ్ళో ఉంది సార్" అన్నాడు. నెలన్నర పిల్లలు ఇక్కడ, తల్లి ఊళ్ళో! అక్కడే వెనక్కి తిరిగి వచ్చెయ్యాల్సింది. కానీ ఆ బుజ్జిగాడు నా షూ లేసు పట్టుకుని లాగాడు. అంతే, పన్నెండు వేలు ఫోన్‌లో కొట్టేశా.

మారేడ్‌పల్లిలో మా ఇంటికి తెచ్చాక అమ్మ గేదె పాలు కాచి చల్లార్చి పోసింది. పక్కింటి ఆంటీ మేరీ బిస్కెట్లు నానబెట్టి పెట్టారు. నేను మూడు కిలోల డాగ్ ఫుడ్ ప్యాకెట్ తెచ్చి ఓ గుప్పెడు వేశా. నాన్నేమో రాత్రి భోజనం దగ్గర చికెన్ ముక్కని నీళ్ళలో కడిగి మరీ పెట్టారు, మసాలా పోయిందట. అంటే ఒకే రోజు నాలుగు మార్పులు ప్రొడక్షన్‌లోకి తోసేసి, పొద్దున్నే సర్వర్ పడిపోతే "ఎందుకు పడింది చెప్మా" అని జుట్టు పీక్కోవడం అన్నమాట. ఆఫీసులో ఇలా చేస్తే మేనేజర్ ఊరుకుంటాడా?

మూడో రోజు లడ్డూగాడికి (మావాడి పేరు) నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూసి, "నలభై ఐదు రోజులని ఎవరన్నారు? వెనక పళ్ళే రాలేదు, నెల దాటి ఉండదు" అన్నారు. పార్వో పరీక్షలో ఏమీ లేదు కానీ మలంలో నట్టల గుడ్లు కనిపించాయి. సెలైన్ ఎక్కించి, నట్టల మందు వేసి, "ముందు ఆ పాలు ఆపండి" అని చీవాట్లు పెట్టి పంపించారు.

ఇంతకీ పాలతో గొడవేంటంటే, కుక్క పాలూ గేదె పాలూ ఒకటి కాదు. తల్లి కుక్క పాలలో లాక్టోజ్ అనే చక్కెర తక్కువ, ప్రోటీన్ ఎక్కువ. ఆవుపాలతో పోలిస్తే ప్రోటీన్ రెండింతల పైమాటే. పైగా పాలు మానే వయసు వచ్చేకొద్దీ ఆ చక్కెరని అరిగించే ఎంజైమ్ కుక్కపిల్ల పేగుల్లో తగ్గిపోతూ ఉంటుంది. అరగని చక్కెర నీళ్ళని లాక్కుని కిందకి దిగుతుంది. ప్రేమగా పోసిన పాలు అలా నేలమీదకి వస్తాయి. నట్టలంటారా, తల్లి కడుపులో ఉండగానో, తల్లి పాల ద్వారానో పిల్లకి వచ్చేస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే మందు మొదలుపెట్టమంటారు. అమ్మినవాడు వేసే ఉంటాడని మనం అనుకుంటాం, కొన్నవాడు వేయించుకుంటాడని వాడు అనుకుంటాడు.

ఇక్కడ మా ఇంట్లోవాళ్ళ వాదన ఒకటుంది, మీ ఇంట్లో కూడా వినే ఉంటారు. "ఊళ్ళో కుక్కలు ఇవన్నీ చూసుకుని పెరిగాయా? ఇంత పెరుగన్నం పడేస్తే బతకలేదా?" బతికాయి. మనం చూసినవన్నీ బతికినవే కదా! వీధికుక్క ఈనితే ఆరు పిల్లలుంటాయి. రెండు నెలల తర్వాత వాటిలో ఎన్ని మిగిలాయో ఎవరైనా లెక్కపెట్టారా? పెరుగన్నాన్ని నేను తప్పుపట్టట్లేదు, పెరుగులో లాక్టోజ్ పాలకన్నా తక్కువే. పెరుగన్నం అన్నిటికీ మందు అనుకోవడమే నా బాధ. ఎందుకంటే ఆ మాట నేనే అన్నాను.

మావాడు కోలుకున్న రెండు వారాలకి, ఓ శుక్రవారం రాత్రి మా టీమ్ కుర్రాడు ఫోన్ చేశాడు. "మామా, మావాడికి మోషన్స్ అవుతున్నాయిరా, ఏం పెట్టమంటావ్?" నేను అప్పటికి పెద్ద అనుభవజ్ఞుణ్ణి కదా! "పెరుగన్నం పెట్టు, రెండ్రోజుల్లో సర్దుకుంటుంది" అనేసి ఓటీటీలో సినిమా చూసుకున్నా. వాంతులు అవుతున్నాయా, తింటున్నాడా, ఆడుతున్నాడా, రక్తం పడుతోందా అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చిన్న బగ్‌కి కూడా పది ప్రశ్నలు వేసే మనిషిని. శనివారం వాంతులు మొదలయ్యాయి. అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో ఎవరో చెప్పారని మనుషులకి విరేచనాలు కట్టే మాత్ర అర ముక్క వేశారు. ఆదివారం రక్తం పడితే అప్పుడు డాక్టర్ దగ్గరికి పరిగెత్తారు. పార్వో. సోమవారం తెల్లవారుజామున పోయాడు. ఆ పూట వాడు పర్సనల్ వర్క్ అని సెలవు పెట్టాడు. ఆ పర్సనల్ వర్క్ ఏంటో నా ఒక్కడికే తెలుసు.

కుక్కల్లో ఈ పార్వో 1978లో బయటపడింది, రెండేళ్ళలోనే దాదాపు ప్రపంచమంతా చుట్టేసింది. పేగుల లోపలి పొరనే తినేస్తుంది. చికిత్సలో ప్రధానం సెలైనే, అందుకే ఒక్క రోజు ముందుకీ వెనక్కీ ప్రాణమంత తేడా. "వ్యాక్సిన్ అయిపోయింది" అన్నాడు కదా అమ్మినవాడు? నెల పిల్ల ఒంట్లో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఇంకా ఉంటాయి, అవి టీకాని పనిచేయనివ్వవు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేస్తారు. కార్డు మీద స్టిక్కర్ అంటిస్తే టీకా అయిపోయినట్టు కాదు. ఆ కార్డుని నమ్మి మావాడు పిల్లని రోజూ కింద పార్కులో తిప్పాడు.

ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కేంద్రం 2017లోనే నిబంధనలు పెట్టింది. నిబంధనలుంటే ఏం లాభం, "చిన్నగా ఉంటేనే ముద్దుగా ఉంటుంది" అని అడిగి మరీ కొనేది మనమేగా?

మీ ఇంట్లో ఇప్పుడు కుక్కపిల్ల ఉంటే ఒక్కటి చూడండి. ఒకసారో రెండుసార్లో పల్చగా వెళ్ళి, మామూలుగా గెంతుతూ, తింటూ ఉంటే కంగారు లేదు. కొత్త తిండి ఆపి, మెత్తటి అన్నంలో ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏమీ లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్ కలిపి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. నీళ్ళు ఎప్పుడూ ఉంచండి. లంఖణం పరమౌషధం అని చిన్నపిల్లని పస్తు పెట్టకండి, షుగర్ పడిపోతుంది. డాగ్ ఫుడ్ మార్చాలంటే వారం పది రోజుల్లో పాతదాంట్లో కొత్తది కలుపుతూ మార్చండి. వాంతులు, రక్తం, తిండి మానెయ్యడం, మూల చేరి పడుకోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, వీకెండ్ దాకా ఆగొద్దు. మన మాత్రలు వద్దే వద్దు, పారాసిటమాల్‌తో సహా. రాత్రిపూట ఫోనెత్తే డాక్టర్ నంబర్ ఒకటి పిల్లని తెచ్చే ముందే సేవ్ చేసుకోండి.

మా కుర్రాడు మొన్న మళ్ళీ పిల్లని తెచ్చుకుంటానన్నాడు. ఇల్లంతా బ్లీచింగ్‌తో కడిగావా అని అడిగా. ఈ వైరస్ ఫినాయిల్‌కి చావదు, నేలమీద నెలల తరబడి బతుకుతుంది. కడిగానన్నాడు. టీకాలన్నీ పూర్తయిన పిల్లనే తెస్తానన్నాడు. ఎక్కడ తెస్తావురా అంటే, పాత నంబర్ నుంచే వచ్చిన ఫోటో చూపించాడు. కింద "ఫార్టీఫైవ్ డేస్, డబుల్ బోన్, వ్యాక్సినేటెడ్" అని ఉంది.